మంచు ఆటల ఫొటోలకు వెళ్తున్నారా? గుల్‌మార్గ్ బట్టలు వేరు, లేహ్ బట్టలు వేరు

చలి బట్టల దుకాణంలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎన్ని డిగ్రీల చలికి కావాలి?" ఆటల ఫొటోలు తీసేవాళ్ళకు ఆ ప్రశ్నతో పెద్దగా పనిలేదు. ఎంతసేపు కదలకుండా నిలబడాలి, మీద పడే మంచు కరుగుతుందా లేదా, చేతివేళ్ళతో ఎంత పని ఉంది, ఇవి తేలితే గానీ డిగ్రీల లెక్కకు అర్థం ఉండదు. మైనస్ పది డిగ్రీల్లో కొండ ఎక్కేవాడికి ఒక స్వెటరు, గాలి ఆపే పలచటి జాకెట్టు చాలు. అదే చలిలో ఐస్ హాకీ రింకు (ఐసు మైదానం) పక్కన మోనోపాడ్ (కెమెరాను నిలిపే ఒంటికాలి స్టాండు) పట్టుకుని మూడు గంటలు నిలబడేవాడికి అవి అరగంట కూడా ఆగవు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు లెక్కగా ఉంటే గ్లవ్సు మీద, బూట్ల మీద పెట్టండి. ఆ తర్వాత లోపల వేసుకునే థర్మల్స్. పెద్ద జాకెట్టు అన్నిటికన్నా చివర, ఎందుకంటే అది అక్కడే అద్దెకు దొరుకుతుంది. మనవాళ్ళు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. వేలకు వేలు పోసి జాకెట్టు కొంటారు, గ్లవ్సు మాత్రం రోడ్డు పక్కన బండి మీద బేరమాడి తెచ్చుకుంటారు. జాకెట్టు ఎంత గొప్పదైనా షట్టర్ మీద వేలు ఆడకపోతే ఫొటో లేదు.

ఆటగాడి చలి వేరు, మన చలి వేరు

స్కీ జాకెట్లు స్కీయింగ్ చేసేవాళ్ళ కోసం కుట్టినవి. వాళ్ళ ఒళ్ళు కష్టపడుతుంది, వేడి పుట్టిస్తుంది, చెమట పోస్తుంది. ఆ చెమట బయటికి పోవడానికే చంకల కింద జిప్పులు పెడతారు. మనం ఆ పక్కనే నిలబడి ఉంటాం. కదలకుండా నిలబడ్డ మనిషి ఒంట్లో పుట్టే వేడి సుమారు 120 వాట్లు. బ్యాగు మోస్తూ మంచులో ఎత్తు ఎక్కుతుంటే అది నాలుగు రెట్లు దాటుతుంది. అంటే ఒకే రోజు, ఒకే మనిషికి రెండు రకాల బట్టలు కావాలి: చోటుకు చేరేటప్పుడు ఒకటి, చేరి నిలబడ్డాక ఒకటి. ఈ రెంటినీ ఒక్క జాకెట్టుతో సర్దుకుందాం అనుకుంటే దారిలో చెమట పట్టి, నిలబడ్డాక ఆ చెమటే చల్లబడి వణికిస్తుంది.

లేబుల్ మీద రాసిన డిగ్రీలను నమ్మకపోవడానికి ఇంకో కారణం ఉంది. స్లీపింగ్ బ్యాగులకు అందరూ పాటించే పరీక్షా పద్ధతి ఉంది. చలిలో పనిచేసే కూలీల దుస్తులకు యూరప్‌లో ఈఎన్ 342 అనే ప్రమాణం ఉంది. కానీ మనం షాపుల్లో చూసే ట్రెక్కింగ్ జాకెట్ల మీద ఆ గుర్తు అరుదుగా కనిపిస్తుంది. చాలావరకు కంపెనీ సొంత లెక్కే, అదీ కదులుతున్న మనిషిని దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క. "మైనస్ 10" అని రాసి ఉంటే, నిలబడి ఫొటోలు తీసేవాడికి దాన్ని సున్నా డిగ్రీల జాకెట్టుగా చూసుకోవడం మంచిది. ఇది నా వాడుక లెక్క, శాస్త్రం కాదు.

గాలి సంగతి విడిగా చూసుకోవాలి. మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే బయట ఉన్న చర్మానికి అది మైనస్ 20 లాగే తగులుతుంది. ఎంత లావుపాటి ఉన్ని స్వెటరైనా గాలిని ఆపదు. ఫ్లీస్ (నూగు తేలిన మెత్తటి పాలిస్టర్ గుడ్డ) అసలే ఆపదు. గాలి చొరని పలచటి పొర ఒకటి పైన ఉండి తీరాలి.

రెండు చోట్లు, రెండు చలులు

మన దేశంలో మంచు ఆటల ఫొటోలకు ముఖ్యమైన అవకాశం ఖేలో ఇండియా వింటర్ గేమ్స్. 2020లో మొదలయ్యాయి. ఐస్ హాకీ, స్కేటింగ్ లద్దాఖ్‌లో జరుగుతాయి. స్కీయింగ్, స్నోబోర్డింగ్ కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో. ఇవి కాక చలికాలమంతా లేహ్‌లో గడ్డకట్టిన చెరువుల మీద హాకీ ఆడుతూనే ఉంటారు. ఇక్కడి నుంచి వెళ్ళేవాళ్ళు "రెండూ మంచు ప్రదేశాలే కదా" అని ఒకే పెట్టె సర్దుకుంటారు. చిక్కంతా అక్కడే.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న చలి ఎడారి. జనవరి రాత్రుల్లో మైనస్ 15 కిందికి దిగడం మామూలే. గాలిలో తేమ ఉండదు. మంచు పడేది తక్కువ, పడినా దులిపితే పొడిలా రాలిపోతుంది. కానీ ఐస్ హాకీ ఫొటోగ్రాఫర్ నిలబడే చోట నేల గడ్డకట్టి ఉంటుంది, కదలడానికి చోటుండదు, మ్యాచి తర్వాత మ్యాచి నడుస్తూనే ఉంటుంది. ఎండ ఉన్నంతసేపు హాయిగా అనిపిస్తుంది. సూర్యుడు కొండ చాటుకు వెళ్ళిన పది నిమిషాల్లో ఊరే మారిపోయినట్టు ఉంటుంది. ఫ్లడ్‌లైట్ల కింద మ్యాచి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

గుల్‌మార్గ్ 2,650 మీటర్లు. గొండోలా (రోప్‌వే) ఎక్కితే మొదటి దశ కొంగ్‌డూరి, రెండో దశ అఫర్వత్ వైపు 3,900 మీటర్ల పైకి వెళ్తుంది. కింద వాలుల దగ్గర చలి లేహ్ అంత ఉండదు. మధ్యాహ్నం ఎండకు మంచు మెత్తబడి చిత్తడి అవుతుంది. 2025లో మంచు చాలక అక్కడి పోటీలు ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా పడ్డాయి. మార్చి మంచు అంటే ఇంకా తడి మంచు. మోకాళ్ళ మీద కూర్చుంటే ప్యాంటు తడుస్తుంది, భుజాల మీద పడ్డది ఒంటి వేడికే కరిగి లోపలికి దిగుతుంది. పైగా స్కీ పోటీకి గేట్ల (స్కీయర్లు దాటాల్సిన కర్రల) వెంట పైకీ కిందికీ నడవాలి.

కాబట్టి లేహ్‌లో పోరాటం నిలబడి ఉండటంతో, గుల్‌మార్గ్‌లో పోరాటం తడితో. కింద చెప్పే ఎంపికలన్నీ ఈ తేడా నుంచి వచ్చేవే.

(లంబసింగిలో తెల్లవారుజామున నిలబడి చూశాం, సరిపోయింది అనేవాళ్ళున్నారు. మంచుపొగలో కెమెరా ఎలా ఆడుతుందో, గ్లవ్సుతో బటన్లు ఎలా అందుతాయో చూసుకోవడానికి లంబసింగి మంచి చోటే. జాకెట్టుకు మాత్రం అది పరీక్ష కాదు. అక్కడ సున్నా దగ్గరికి వస్తే వార్త, లేహ్‌లో అది పగటి ఎండలో వచ్చే వేడి.)

చేతులు: ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే

నాలుగు దారులున్నాయి.

మొదటిది మామూలు స్కీ గ్లవ్సు. వెచ్చగానే ఉంటాయి, కానీ కెమెరా వెనక ఉన్న జాయ్‌స్టిక్ కూడా తెలియదు. ఫోకస్ పాయింట్ మార్చాలంటే తీయాలి. తీసిన ప్రతిసారీ లోపలి వేడి పోతుంది. ఆటల ఫొటోలకు వద్దు.

రెండోది ఫొటోగ్రాఫర్ల కోసమే చేసిన, బొటనవేలు, చూపుడువేలు కొసలు మడిచి తెరిచే గ్లవ్సు. నార్వే కంపెనీ వాలరెట్ వీటితోనే పేరు తెచ్చుకుంది. ఆ కొసలను వెనక్కి మడిస్తే చిన్న అయస్కాంతంతో అతుక్కుంటాయి. గుల్‌మార్గ్ పగటి చలికి ఇవి చక్కగా సరిపోతాయి. ఇబ్బంది ఎక్కడంటే ఆట నడుస్తున్నంతసేపు ఆ రెండు వేళ్ళు తెరిచే ఉంటాయి. మైనస్ పది దాటాక ముందు మొద్దుబారేది ఆ రెండే, మనకు కావాల్సిందీ ఆ రెండే.

మూడోది జోడు పద్ధతి: లోపల ఒంటికి అతుక్కున్నట్టుండే పలచటి గ్లవ్సు, పైన వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే మిట్టెన్. వేళ్ళు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే వేడి నిలుస్తుంది, అందుకే మిట్టెన్ ఏ గ్లవ్సు కన్నా వెచ్చన. ఆట మొదలవగానే కుడిచేతి మిట్టెన్ కొస తెరిచి పలచటి గ్లవ్సుతో షట్టర్ నొక్కుతాం, విజిల్ పడగానే మళ్ళీ లోపలికి. ఆస్ట్రియాకు చెందిన ద హీట్ కంపెనీ అమ్మే జోడు ఇదే పద్ధతి. ఖరీదు ఎక్కువ. కానీ ఈ పద్ధతికి ఆ పేరే అక్కర్లేదు. డెకాథ్లాన్‌లో పలచటి లైనర్ గ్లవ్సు ఒక జత, పైన పెద్ద సైజు మిట్టెన్ ఒక జత కొని, మిట్టెన్లకు మణికట్టు తాడు కట్టుకుంటే అదే పని జరుగుతుంది. తాడు లేకపోతే గాలికి మిట్టెన్ రింకు మీదికి వెళ్ళి, మీరు ఫొటోలు తీయాల్సిన ఆటే ఆగుతుంది.

నాలుగోది బ్యాటరీతో వేడెక్కే గ్లవ్సు. దీని సంగతి చివర.

లేహ్‌కు మూడోది, గుల్‌మార్గ్‌కు రెండోది అని నా ఎంపిక. ఒక్కటే కొనగలిగితే మూడోదే కొనండి. వెచ్చటి చోట మిట్టెన్ తీసి జేబులో పెట్టుకోవచ్చు, చల్లటి చోట లేని మిట్టెన్‌ను తెచ్చుకోలేం.

లైనర్ దేనితో చేసిందో చూడండి. టచ్‌స్క్రీన్‌కు పనిచేసే పాలిస్టర్ లైనర్లు త్వరగా ఆరతాయి, పట్టు కూడా ఉంటుంది. మెరినో (సన్నటి గొర్రె ఉన్ని) లైనర్లు వెచ్చన, కానీ లెన్సు రింగు మీద జారతాయి, వేలి కొసల దగ్గర చిరుగుతాయి. అరచేతిలో రబ్బరు చుక్కలున్నవి చూసుకుంటే ఆ బాధ ఉండదు. సైజు విషయంలో బిగుతు పనికిరాదు. వేలికి రక్తం ఆడకపోతే ఏ గుడ్డా వేడి ఇవ్వదు.

కొన్నాక ఇంట్లోనే కూర్చుని, గ్లవ్సు తొడుక్కుని, కళ్ళు మూసుకుని కార్డు మార్చండి, బ్యాటరీ మార్చండి, ఫోకస్ మోడ్ మార్చండి. హైదరాబాద్ ఎండలో నవ్వులాటగా ఉంటుంది. కానీ చేతికి ఏ బటను అందడం లేదో ఇక్కడే తెలుస్తుంది. అందని పనిని అందే బటనుకు మార్చి పెట్టుకోవచ్చు.

మోనోపాడ్ గురించి ఒక మాట. అల్యూమినియం గొట్టం చేతిలోని వేడిని లాగేస్తుంది. కార్బన్ ఫైబర్ అంతగా లాగదు. కొత్తది కొనక్కర్లేదు, క్రికెట్ బ్యాటు పిడికి చుట్టే గ్రిప్పు తెచ్చి పట్టుకునే చోట చుట్టేయండి.

కాళ్ళు: నేల తినేసే వేడి

హాకీ రింకు దగ్గర పైనుంచి వచ్చే చలి కన్నా కింది నుంచి వచ్చేది ఎక్కువ. ఐసు మీద, గడ్డకట్టిన నేల మీద నిలబడితే బూటు అడుగు గుండా వేడి దిగిపోతూనే ఉంటుంది. రోజూ వేసుకునే ట్రెక్కింగ్ షూలు నడిచేటప్పుడు బాగుంటాయి, నిలబడితే కాదు. వాటి అడుగున చలిని ఆపే పొర ఉండదు.

ఉన్న దారులు మూడు. ఒకటి లోపల మెత్తటి పొర ఉన్న స్నో బూట్లు. రెండు, ఫెల్టు లోపొర విడిగా తీసి ఆరబెట్టుకోగలిగే బరువైన బూట్లు. మన దగ్గర వీటి కోసం వెతకాలి, ఆన్‌లైన్‌లో అయితే ఖరీదు. మూడు, అక్కడి గమ్ బూట్లు. లేహ్‌లో చాదర్ ట్రెక్కుకు (చలికాలంలో గడ్డకట్టిన నది మీద నడకకు) వెళ్ళేవాళ్ళు కొనేవి ఇవే. గుల్‌మార్గ్ కింద తంగ్‌మార్గ్‌లో పొడవాటి కోటుతో పాటు అద్దెకు ఇచ్చేవీ ఇవే. గమ్ బూటు తడిని పూర్తిగా ఆపుతుంది, చలిని అస్సలు ఆపదు. వెచ్చదనమంతా లోపలి సాక్సుదే. గుల్‌మార్గ్‌లో ఒక పూటకు గమ్ బూట్లతో బతికేయొచ్చు. లేహ్‌లో గంటల తరబడి నిలబడటానికి స్నో బూట్లే తీసుకోండి, మామూలు కన్నా ఒక సైజు పెద్దవి. సాక్సు మీద సాక్సు వేసి బూటును బిగించడం కన్నా ఒకే లావుపాటి ఉన్ని సాక్సు, లోపల వేళ్ళు ఆడించుకునే చోటు, ఇవే ఎక్కువ వెచ్చన.

బూట్ల కన్నా చవకైన ఉపాయం ఒకటుంది, నేను దీన్ని బూట్లంత ముఖ్యం అంటాను. ట్రెక్కింగ్ వాళ్ళు పరుచుకునే ఫోమ్ మ్యాటు నుంచి రెండు అడుగుల ముక్క కోసి బ్యాగుకు కట్టుకోండి. రింకు పక్కన దాని మీద నిలబడండి, కూర్చోవాలంటే దాని మీదే కూర్చోండి. అంత తేడా ఇంకే వస్తువూ అంత తక్కువ డబ్బుకు ఇవ్వదు.

జారకుండా బూటుకు తగిలించే మేకుల పట్టీలు గుల్‌మార్గ్ వాలుల్లో అవసరమే. వాటితో రింకు ఐసు మీద అడుగు పెట్టకండి. మీరు చేసిన గాటు స్కేటర్ కాలికి తగులుతుంది.

జాకెట్టు: డౌనా, సింథటిక్కా

డౌన్ అంటే బాతుల ఛాతీ మీది నూగు. బరువుకు తగ్గ వేడి ఇవ్వడంలో దీనికి పోటీ లేదు. నొక్కితే గుప్పెడు, వదిలితే దిండు. తడిస్తే మాత్రం ముద్ద అయిపోతుంది, ముద్దలో గాలి నిలవదు, గాలి నిలవకపోతే వేడీ లేదు. సింథటిక్ దూది జాకెట్టు అంత తేలిక కాదు, పెట్టెలో చోటు తింటుంది, కొన్నేళ్ళకు పలచబడుతుంది. కానీ తడిసినా కొంత వేడి నిలుపుకుంటుంది, త్వరగా ఆరుతుంది.

ఇక జవాబు ఊహించడం కష్టం కాదు. పొడి లేహ్‌కు డౌన్, తడి గుల్‌మార్గ్‌కు సింథటిక్. డౌనే ఉంటే దాని మీద నీళ్ళు చొరని పలచటి షెల్ (పై జాకెట్టు) వేసుకుని గుల్‌మార్గ్‌లోనూ నడిపించొచ్చు, షెల్ వదులుగా ఉంటేనే. బిగుతు షెల్ డౌన్‌ను నలిపేస్తుంది.

ఈ నలగడం గురించి జాకెట్టు అమ్మేవాళ్ళు చెప్పరు, ఎందుకంటే వాళ్ళ దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కెమెరా మోయరు. మెడలో వేలాడే పట్టీ, రెండు కెమెరాల హార్నెస్, బ్యాగు పట్టీలు, వీటి కింద డౌన్ చదునుగా అణిగిపోతుంది. సరిగ్గా భుజాల మీద చలి చారలు పడతాయి. పడుకుని తీసేటప్పుడు మోచేతుల దగ్గరా అంతే. కాబట్టి డౌన్ జాకెట్టు కొనేవాళ్ళు కెమెరా పట్టీ వేసుకున్నాక పైనుంచి తొడుక్కునేంత పెద్దది చూసుకోవాలి. మీడియా వాళ్ళకు గుర్తింపుగా ఇచ్చే చేతుల్లేని చొక్కా (బిబ్) అన్నిటికన్నా పైన ఉండాలి కాబట్టి దానికీ చోటు లెక్కేసుకోండి. దుకాణంలో అద్దం ముందు అందంగా అమరిన జాకెట్టు రింకు దగ్గర ఇరుకవుతుంది. చేతులు పైకెత్తి, మూడు కిలోల లెన్సు పట్టుకున్నట్టు నిలబడి చూడండి. నడుము దగ్గర బట్ట పైకి జారితే ఆ జాకెట్టు వద్దు. తొడల సగం దాకా వచ్చే పొడవుది, కింది నుంచి కూడా తెరుచుకునే జిప్పు ఉన్నది మంచిది, కూర్చున్నప్పుడు కింది జిప్పు తెరిస్తే మోకాళ్ళు ఆడతాయి.

డౌన్ లేబుల్ మీద "ఫిల్ పవర్ 600", "800" అని ఉంటుంది. ఒక ఔన్సు నూగు ఎన్ని ఘనపు అంగుళాలు పొంగుతుందో ఆ అంకె. అది నూగు నాణ్యత చెబుతుంది, జాకెట్టు వెచ్చదనం కాదు. ఎంత నూగు నింపారన్నది కూడా చూడాలి. 800 నూగు వంద గ్రాములు నింపిన జాకెట్టు కన్నా 600 నూగు రెండు వందల యాభై గ్రాములు నింపింది బాగా వెచ్చన, చాలాసార్లు చవక కూడా. కొండలెక్కేవాళ్ళకు బరువు ముఖ్యం కాబట్టి 800కి డబ్బు పెడతారు. మనకు ఆ అవసరం లేదు.

లోపలి జేబులు లెక్కపెట్టండి. చలికి లిథియం బ్యాటరీలు నీరసిస్తాయి, మార్చే బ్యాటరీ ఒంటికి దగ్గరగా ఉండాలి. కనీసం రెండు లోపలి జేబులు కావాలి, ఒకటి నిండు బ్యాటరీలకు, ఒకటి వాడినవాటికి. వాడిందని తీసిన బ్యాటరీ వెచ్చబడ్డాక మళ్ళీ కొంత పనిచేస్తుంది. కెమెరాను మాత్రం జాకెట్టు లోపల దాచకండి. ఒంటి ఆవిరి లెన్సు మీద పట్టి, బయటికి తీయగానే గడ్డకడుతుంది.

కొనాలా, అద్దెకు తీసుకోవాలా? ఏడాదికి ఒకసారి వెళ్ళేవాళ్ళకు అద్దే మేలు. లేహ్ బజారులో చాదర్ కాలంలో డౌన్ జాకెట్లు అద్దెకు ఇచ్చే దుకాణాలున్నాయి. దేశీయ విమానాల్లో మామూలుగా ఇచ్చే 15 కిలోల సామానులో మోనోపాడ్, బూట్లు పోగా జాకెట్టుకు చోటు మిగలడం కష్టం. అద్దెకు తీసుకునేటప్పుడు జిప్పు రెండుసార్లు వేసి తీసి, దీపానికి ఎదురుగా పెట్టి నూగు ఎక్కడైనా ఒక మూలకు చేరి మిగతాది ఖాళీగా ఉందేమో చూసుకోండి. తంగ్‌మార్గ్‌లో ఇచ్చే పొడవాటి కోటు ఫొటో దిగడానికి వచ్చిన పర్యాటకుడి కోసం. బరువు, మంచుకు తడుస్తుంది, చేతులెత్తితే భుజాలు పట్టేస్తుంది. గుల్‌మార్గ్‌కు మాత్రం షెల్ మీ సొంతదే తీసుకెళ్ళండి. వానాకాలంలో ఇక్కడా పనికొస్తుంది.

కశ్మీరీలు ఫిరన్ (వదులుగా ఉండే పొడవాటి అంగీ) లోపల కాంగ్‌డీ (చిన్న నిప్పుల కుంపటి) పెట్టుకుని ఎంత చలిలోనైనా తాపీగా కూర్చోవడం చూసి మనసు పడేవాళ్ళుంటారు. ఫిరన్ నిజంగా వెచ్చన. కానీ దాని కిటుకంతా చేతులు లోపలికి లాక్కోవడంలో ఉంది, మన చేతులేమో బయట కెమెరా మీద ఉండాలి. నిప్పుల కుంపటి పక్కన లెన్సు సంగతి వేరే చెప్పాలా?

లోపల వేసుకునేవి

జీన్స్ వద్దు, కాటన్ బనియను వద్దు. నూలు చెమటను పట్టుకుని వదలదు. మన ఊళ్ళలో థర్మల్స్ పేరుతో అమ్మే తెల్లటి జతల్లో చాలావాటిలో నూలు కలిసి ఉంటుంది, లేబుల్ తిప్పి చదవండి.

మిగిలింది మెరినో ఉన్ని, పాలిస్టర్. మెరినో తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడిగా తగలదు. వానలో గొంగడి కప్పుకుని గొర్రెల వెంట తిరిగేవాళ్ళకు ఈ గుణం ఎవరూ చెప్పక్కర్లేదు. వాసన కూడా త్వరగా పట్టదు. లేహ్ చలికాలంలో గొట్టాల్లో నీళ్ళు గడ్డకడతాయి, బట్టలుతకడం అనే మాట ఉండదు, అక్కడ ఒక్క మెరినో జతతో అయిదారు రోజులు గడుస్తాయి. పాలిస్టర్ రెండో రోజుకే కంపు కొడుతుంది. కానీ చెమటను వేగంగా బయటికి నెడుతుంది, వేగంగా ఆరుతుంది, ఒక మెరినో బనియను ఖరీదుకు రెండు మూడు జతలు వస్తాయి. గుల్‌మార్గ్‌లో ఎక్కి దిగేవాళ్ళకు పాలిస్టరే చాలు.

మధ్య పొరకు ఫ్లీస్ తీసుకోండి. చలికాలంలో మన పట్టణాల్లో టిబెటన్లు అమ్మే స్వెటర్లలో ఎక్కువ లూధియానా యాక్రిలిక్, చూడటానికి ఉన్ని లాగే ఉంటుంది. మధ్య పొరగా పనికిరాకపోదు, కానీ ఉన్ని ధర ఇచ్చి కొనకండి. పలచటి డౌన్ చేతుల్లేని జాకెట్టు ఒకటి ఫ్లీస్ మీద వేస్తే ఛాతీ వెచ్చగా ఉండి చేతులు స్వేచ్ఛగా ఆడతాయి. గంటల కొద్దీ మోచేతులు మడిచి ఉంచేవాళ్ళకు చేతుల దగ్గర లావు తగ్గడం పెద్ద సుఖం.

ప్యాంటు గురించి ఎక్కువ చెప్పేది లేదు. గుల్‌మార్గ్‌కు భుజాల పట్టీలతో ఛాతీ దాకా వచ్చే నీళ్ళు చొరని స్కీ ప్యాంటు, లేహ్‌కు లోపల పొర ఉన్న ప్యాంటు. టైల్స్ వేసే మేస్త్రీలు కట్టుకునే మోకాలి ప్యాడ్లు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. స్కీ గేటు పక్కన మోకాలి మీద కూర్చునేవాళ్ళకు అవి వరం.

తల, ముఖం, కళ్ళజోడు

మంకీ క్యాప్ మన జాతీయ చలి ఆయుధం. ఆటల ఫొటోలకు దాంతో ఒక ఇబ్బంది ఉంది: ముక్కు మూసుకుంటే ఊపిరి పైకి తన్ని వ్యూఫైండర్ మీద, కళ్ళజోడు మీద ఆవిరి పడుతుంది. మైనస్‌లో ఆ ఆవిరి అక్కడికక్కడే పొర కడుతుంది. దాని బదులు గుడ్డతో చేసిన, పైకీ కిందికీ లాగగలిగే గొట్టంలాంటి మెడ పట్టీ, విడిగా చెవులు కప్పే ఉన్ని టోపీ, ఈ జోడీ మేలు. ఆట ఆగినప్పుడు పట్టీ ముక్కు మీదికి లాక్కోవచ్చు, మొదలవగానే గడ్డం కిందికి దించొచ్చు. ముందుకు అంచున్న టోపీ కెమెరాకు తగులుతుంది. జాకెట్టు హుడ్ పక్కచూపును మింగేస్తుంది, స్కీయర్ ఏ వైపు నుంచి వస్తున్నాడో తెలియదు, అది ఫొటోకే కాదు, మీకూ ప్రమాదం.

గాగుల్స్‌తో వ్యూఫైండర్ చూడటం కుదరదు. మంచు మీద ఎండకు చలువ కళ్ళద్దాలు తప్పనిసరి. పోలరైజ్డ్ అద్దాలతో కొన్ని కెమెరాల తెర నల్లగా కనిపిస్తుంది, కొనేముందు మీ కెమెరా మీద చూసుకోండి.

క్రికెట్‌కు, పిల్లల ఆటలకు

ధర్మశాలలో 2024 మార్చి 7న మొదలైన భారత్–ఇంగ్లండ్ టెస్టులాంటివి తీసేవాళ్ళకు పైన చెప్పినదంతా అక్కర్లేదు. అక్కడి చలి సున్నాకు పైన ఉండే తడి చలి. పాలిస్టర్ థర్మల్, ఫ్లీస్, షెల్, కొసలు తెరిచే గ్లవ్సు, ఇంతే. జనవరి పొద్దుట ఢిల్లీ రంజీ మ్యాచికీ ఇదే జత.

అమెరికాలో, కెనడాలో ఉండి పిల్లల సాకర్, హైస్కూల్ ఫుట్‌బాల్ తీసే తల్లిదండ్రులకు పరిస్థితి తేలిక. కారు దగ్గరే ఉంటుంది, విమానం సామాను గొడవ లేదు. బరువు గురించి ఆలోచించకుండా పెద్ద సింథటిక్ పార్కా (హుడ్ ఉన్న పొడవాటి జాకెట్టు) కొనేయొచ్చు, నవంబరు వానకూ ఆగుతుంది. గ్లవ్సు, ఫోమ్ ముక్క మాటలు మాత్రం అక్కడికీ వర్తిస్తాయి.

వేడి పుట్టించే వస్తువులు

చేతిలో నలిపితే వేడెక్కే పొట్లాల్లో ఇనుప పొడి ఉంటుంది. గాలి తగిలి అది తుప్పు పట్టే క్రమంలో వేడి పుడుతుంది. మిట్టెన్‌లో బాగా పనిచేస్తాయి. బిగుతు బూట్లో గాలి ఆడక నీరసిస్తాయి. లేహ్‌లో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే, కాబట్టి అక్కడ ఎక్కడ పెట్టినా కాస్త తక్కువే వేడెక్కుతాయి. చర్మానికి నేరుగా తగలనివ్వకండి. మిట్టెన్‌లో చేతి వెనకవైపు, లైనర్ మీద పెట్టుకుంటే వేళ్ళకు వెళ్ళే రక్తం వెచ్చబడుతుంది, అరచేయి పట్టుకు అడ్డురాదు.

బ్యాటరీ గ్లవ్సు కన్నా బ్యాటరీ వెస్టు మంచి కొనుగోలు. ఛాతీ వెచ్చగా ఉంటే ఒళ్ళు చేతులకు రక్తం పంపడానికి వెనకాడదు. పైగా గ్లవ్సులో బ్యాటరీ చచ్చిపోతే మిగిలేది బరువైన మామూలు గ్లవ్సు, వెస్టులో చచ్చిపోతే పవర్ బ్యాంకు మార్చుకోవచ్చు. రోజంతా ఆన్‌లో ఉంచకండి, సూర్యుడు కొండ చాటుకు వెళ్ళాక మొదలుపెడితే ఆఖరి మ్యాచి దాకా వస్తుంది. ఆ పవర్ బ్యాంకులు, విడి కెమెరా బ్యాటరీలు విమానంలో చేతి సంచిలోనే పెట్టాలి, చెక్-ఇన్ పెట్టెలో ఉంటే విమానాశ్రయంలో పెట్టె తెరిపించి తీయిస్తారు.